వెన్ను ఎముకలో నరం గడ్డ: ముగ్గురు డాక్టర్లు మూడు దారులు చూపించారు, ఏ దారిన వెళ్లాలి?

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెప్పే టీచరు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. వయసు 39. భర్త ఒక దుకాణంలో లెక్కలు చూస్తారు. కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం, కొడుకు ఏడో తరగతి. అత్తగారు వీరి దగ్గరే ఉంటారు.

మూడేళ్లుగా ఆమెకు నడుము కింద, ఎడమవైపు నొప్పి. నిలబడితే ఫర్వాలేదు, కూర్చుంటే పోటు. స్కూలు బస్సు స్పీడ్‌బ్రేకర్ ఎక్కబోతోందంటే ముందు సీటు కడ్డీ పట్టుకుని లేచి నిలబడతారు. స్టాఫ్ రూములో పేపర్లు దిద్దేటప్పుడు బరువంతా కుడివైపు వేసి ఒరిగి కూర్చోవడం అలవాటైపోయింది. మొదట కాల్షియం తక్కువన్నారు. తర్వాత డిస్కు అన్నారు, సయాటికా అన్నారు. బెల్టు కట్టుకున్నారు, ట్రాక్షన్ పెట్టించుకున్నారు. రెండేళ్ల కిందట తీసిన నడుము ఎంఆర్‌ఐలో పెద్దగా ఏమీ లేదని వచ్చింది. ఈ ఏడాది మలబద్ధకం మొదలైంది. ఎడమ మడమ మొద్దుబారి, చెప్పు ఊడిపోయినా నాలుగడుగులు నడిచేదాకా తెలియని స్థితి వచ్చింది. అప్పుడు కటి భాగానికి ఎంఆర్‌ఐ తీయిస్తే వెన్ను చివరి శాక్రమ్ ఎముకలో ఎస్2, ఎస్3 అనే రెండో, మూడో పూసల దగ్గర, ఎడమవైపు 5 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది.

స్కాన్ రిపోర్టులో నాలుగు అనుమానాలు రాశారు: క్షయ, జయంట్ సెల్ ట్యూమర్, కార్డోమా, మరెక్కడి నుంచో పాకిన క్యాన్సర్. ఒక డాక్టరు క్షయ అనుకుని మందులు మొదలుపెట్టారు. రెండు నెలలు మూత్రం నారింజ రంగులో వచ్చింది, నొప్పి మాత్రం అలాగే ఉంది. చివరికి సూదితో ముక్క తీసి పరీక్షకు పంపితే ష్వానోమా అని తేలింది. నరం పొరలో పుట్టే గడ్డ, క్యాన్సర్ కాదు.

ఆ తర్వాత ముగ్గురు సర్జన్లను కలిశారు. మొదటి ఆయన గడ్డను చుట్టూ ఉన్న ఎముకతో, ఎడమవైపు ఎస్2, ఎస్3 నరాలతో కలిపి ఒకే ముక్కగా తీసేయాలన్నారు. మళ్లీ రాదు, కానీ రాడ్లు, స్క్రూలు వేయవలసి రావచ్చు. రెండో ఆయన వెనక నుంచి ఎముక తెరిచి గడ్డను లోపలి నుంచి తొలిచి తీస్తానన్నారు. నరాలు చాలావరకు దక్కుతాయి, అయితే కొంత గడ్డ మిగిలి మళ్లీ పెరగవచ్చు. మూడో ఆవిడ ఆరు నెలలు ఆగి మళ్లీ స్కాన్ చేద్దామన్నారు.

భర్తది ఒకటే మాట: "అప్పు చేసైనా సరే, వేళ్లతో సహా తీయించేద్దాం." అత్తగారు తమ ఊరి దగ్గర గడ్డలకు పసరు మందు ఇచ్చే మనిషి ఉన్నాడని, ఒక్కసారి చూపించుకుని రమ్మని పట్టుబడుతున్నారు. పుట్టింట్లో చెల్లెలికి సంబంధం కుదిరింది, మాఘమాసంలో పెళ్లి. వంశంలో ఉన్న జబ్బనుకుంటారు, అప్పటిదాకా ఎవరి చెవినా వేయవద్దని తల్లి.

అసలు బాధ ఉత్తరం చివరి పేజీలో ఉంది. మొదటి సర్జన్ గదిలో ఉండగా ఫోను వచ్చి భర్త బయటకు వెళ్లారు. ఆ కాసేపట్లోనే డాక్టరు, ఆ నరాలు పోతే మూత్రం, మలం మీద అదుపు తగ్గవచ్చని, దాంపత్య జీవితంలో స్పర్శ కూడా తగ్గవచ్చని చెప్పారు. "ఈ మాట మా వారికి ఇంతవరకు చెప్పలేదు. ఆయన ఏమంటారోనని కాదు నా భయం, ఏమీ అనకుండా ఊరుకుంటారేమోనని. ముగ్గురిలో ఎవరి మాట వినాలి? ఇది ఆయనకు చెప్పాలా?" అని అడిగారు.

అమ్మా,

మీరు అడిగిన రెండు ప్రశ్నల్లో రెండోది తేలితే తప్ప మొదటిది తేలదు. ఆ ముగ్గురు సర్జన్లకూ మీ గడ్డ విషయంలో నిజానికి పెద్ద తేడా లేదు. దాన్ని వదిలించుకోవడానికి మీరు ఏమి పోగొట్టుకోవడానికి సిద్ధపడతారన్నది మిమ్మల్ని అడగకుండానే ముగ్గురూ మూడు రకాలుగా ఊహించుకున్నారు. ఆ లెక్క వేయవలసింది మీరు. మీ ఫిల్ములు నేను చూడలేదు కాబట్టి ఫలానా ఆపరేషన్ చేయించుకోండి అని చెప్పను. ఒక్కో దారిలో వెళితే ఏమి ఎదురవుతుందో మాత్రం నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

మెదడు, వెన్నుపాము నుంచి బయటకు వచ్చిన ప్రతి నరాన్నీ ష్వాన్ కణాలు అనేవి చుట్టుకుని ఉంటాయి. 1839లో కణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన జర్మన్ శాస్త్రవేత్త థియొడర్ ష్వాన్ పేరే వాటికి పెట్టారు. ఆ కణాల్లో ఒకటి అదుపు తప్పి పెరిగితే ష్వానోమా అవుతుంది. వెన్నులో ఇది అరుదేమీ కాదు, కానీ దాదాపు ఎప్పుడూ వెన్నుపాము ఉండే కాలువలోనో, నరం బయటకు వచ్చే రంధ్రంలోనో ఉంటుంది. ఎముక లోపల ఉండటమే అరుదు. ఎముకలో పుట్టే గడ్డలన్నిటిలో ఇవి నూటికి ఒకటి కూడా ఉండవు. వాటిలోనూ ఎక్కువగా కనిపించేది కింది దవడ ఎముకలో, ఆ తర్వాత శాక్రమ్‌లో. శాక్రమ్ అంటే వెన్ను చివర ఐదు పూసలు అతుక్కుపోయి ఏర్పడిన ముక్కోణపు ఎముక. దాని రంధ్రాల గుండానే కింది నరాలన్నీ బయటకు వస్తాయి. గడ్డ ఎముకలోనే పుట్టి ఉండవచ్చు, ఎముకకు రక్తం తీసుకెళ్లే సన్నటి కాలువలో పుట్టి రెండు వైపులా ఉబ్బి ఉండవచ్చు, లేదా పక్క నరంలో పుట్టి ఏళ్ల తరబడి ఎముకను ఒరుసుకుంటూ లోపలికి చొచ్చుకుపోయి ఉండవచ్చు. మీది వీటిలో ఏదో సీటీ స్కాన్‌లో చాలావరకు తెలుస్తుంది. మెల్లగా పెరిగే గడ్డ చుట్టూ ఎముక గట్టిపడి తెల్లటి అంచు ఏర్పడుతుంది. నరం బయటకు వచ్చే రంధ్రం వెడల్పై నునుపుగా కనిపిస్తుంది. ఎంఆర్‌ఐ మాత్రమే తీయించుకుని ఉంటే సీటీ కూడా కావాలని అడగండి. ఆపరేషన్ చేసే డాక్టరుకు అది ఎలాగూ అవసరమే.

రెండేళ్ల కిందటి ఎంఆర్‌ఐలో ఎందుకు దొరకలేదని మీరు బాధపడుతూ రాశారు. నడుముకు మామూలుగా తీసే ఎంఆర్‌ఐ బొమ్మ శాక్రమ్ పైభాగంతోనే ఆగిపోతుంది. అంతకంటే కింద ఉన్నది ఆ ఫిల్ములోకి రాదు. మామూలు ఎక్స్‌రేలో పేగుల్లోని గాలి నీడ ఆ ఎముకను కప్పేస్తుంది. కూర్చుంటే ఎక్కువై, నిలబడితే తగ్గే నొప్పి అని మీరు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. ఆ ఒక్క మాట దగ్గర ఎవరైనా ఆగి ఉంటే బాగుండేదని నాకూ అనిపించింది. మీ వైపు నుంచి లోపమేమీ లేదమ్మా. క్షయ మందుల సంగతి కూడా అంతే. మన దేశంలో వెన్ను క్షయ ఎక్కువ, అనుమానించడంలో తప్పులేదు. ముక్క పరీక్ష చేయగలిగిన చోట అది చేయకుండా మందులు మొదలుపెట్టడం మాత్రం నాకు సమ్మతం కాదు. నారింజ రంగు మూత్రం ఆ క్షయ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల వచ్చింది, దాని వల్ల మీకు హాని జరగలేదు. ఆ మందులు కాలేయం మీద పనిచేస్తాయి కాబట్టి మత్తు ఇచ్చే డాక్టరుకు ఆ రెండు నెలల సంగతి తప్పకుండా చెప్పండి.

ముగ్గురిలో ఎవరి మాట వినాలో తేల్చుకునే ముందు ఒక పని ఉంది. ముక్క పరీక్ష చేసిన ల్యాబ్‌లో మీ గాజు స్లైడ్లు, ముక్కను దాచిన మైనపు బ్లాకులు భద్రంగా ఉంటాయి. దరఖాస్తు రాసి, రసీదు ఇచ్చి వాటిని తీసుకోండి. ఎముక గడ్డలు ఎక్కువగా చూసే మరో పెద్ద ఆసుపత్రి పాథాలజీ విభాగంలో రెండోసారి చదివించండి. పంజాగుట్టలోని నిమ్స్, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట్ల ఇలాంటివి అడగడం వాళ్లకు కొత్తేమీ కాదు. దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మీ రిపోర్టులో ఎస్-100 (ముక్కలో ఒక ప్రోటీన్‌ను రంగుతో గుర్తించే పరీక్ష) పాజిటివ్ అని రాసినట్లు చెప్పారు. ష్వానోమాలో అది గట్టిగా వస్తుంది, నిజమే. కార్డోమా అనే గడ్డలో కూడా కొన్నిసార్లు ఎస్-100 పాజిటివ్ వస్తుంది. కార్డోమాకు అతి ఇష్టమైన చోటు శాక్రమే, అది క్యాన్సర్. ఈ రెండింటినీ విడదీయడానికి వేరే రంగుల పరీక్షలు ఉన్నాయి. సాక్స్-10 పాజిటివ్ వస్తే ష్వానోమా వైపు, బ్రాకియూరీ పాజిటివ్ వస్తే కార్డోమా వైపు. అవి చేశారో లేదో చూడండి. చేయకపోతే అదే బ్లాకు మీద చేయవచ్చు, మళ్లీ సూది గుచ్చనక్కరలేదు. మీ గడ్డ నడిమధ్య కాకుండా ఎడమ పక్కకు ఉండటం, మూడేళ్లలో నెమ్మదిగా బాధ పెరగడం ష్వానోమాకే సరిపోతున్నాయి. భయపెట్టడానికి కాదు, నిర్ణయమంతా ఆ కాగితం మీదే నిలబడి ఉంది కాబట్టి చెబుతున్నాను. కార్డోమా అయితే మొదటి సర్జన్ చెప్పిన పద్ధతే సరైనది. ఒకే ముక్కగా, చుట్టూ కొంత మంచి భాగంతో సహా తీయాలి. ష్వానోమా అయితే అంత కోత చాలామందికి అవసరం పడదు.

ఈ మధ్యలో ఎవరైనా పెట్ స్కాన్ రాసి, గడ్డ వెలుగుతోంది కాబట్టి క్యాన్సరేమో అంటే కంగారు పడకండి. ప్రమాదం లేని ష్వానోమాలు కూడా పెట్ స్కాన్‌లో వెలుగుతాయి. ఆ వెలుగును చూసి కాదు, ముక్కను చూసి తేల్చుకోవాలి.

రెండో రీడింగ్‌లోనూ ష్వానోమా అనే వచ్చిందనుకుందాం. అప్పుడు మూడు దారుల సంగతి చూద్దాం.

ఆగడం అనే దారి సోమరితనం కాదు. ష్వానోమాలు ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లు పెరిగేవి, కొన్ని ఏళ్ల తరబడి కదలకుండా కూర్చునేవి. అవి క్యాన్సర్‌గా మారడం అత్యంత అరుదు. అనుకోకుండా స్కాన్‌లో దొరికి, ఏ బాధా లేనివాళ్లు ఏటా ఒక స్కాన్‌తో హాయిగా బతికేస్తున్నారు. మీ పరిస్థితి వేరు. మీ మడమ మొద్దుబారింది, మలబద్ధకం వచ్చింది. మలబద్ధకానికి మీరు వాడే నొప్పి మాత్ర ట్రమడాల్ కూడా కారణం కావచ్చు, దాన్ని డాక్టరుతో మాట్లాడి విడిగా తేల్చుకోవాలి. మడమ మాత్రం నరం నలుగుతోందనే చెబుతోంది. నలిగిన నరం ఎంతకాలం నలిగితే తిరిగి కోలుకునే అవకాశం అంత తగ్గుతుంది. అందుకని ఆరు నెలలు ఆగమని మీకు చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు. స్లైడ్లు మళ్లీ చదివించడానికి, సీటీ తీయించడానికి, ఇంట్లో మాట్లాడుకోవడానికి కొన్ని వారాలు పడితే మాత్రం కొంపలేమీ మునగవు. మీ వారికి ఈ మాట చదివి వినిపించండి. ఒక్క మినహాయింపు: మూత్రం బిగుసుకుపోయి రాకపోయినా, తెలియకుండా కారిపోతున్నా, కూర్చునే చోటు, జననాంగాల చుట్టూ స్పర్శ పోయినా, పాదం ఎత్తలేక ఈడుస్తున్నా, ఆ రోజే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. మర్నాటిదాకా ఆగకూడదు. మూడో డాక్టరుగారు ఆగమన్నప్పుడు ఈ మాట కూడా చెప్పి ఉంటారు, లేకపోతే అడగండి.

మొదటి దారి, అంటే మొత్తం ఒకే ముక్కగా తీయడంలో పెద్ద మేలు తిరిగి వచ్చే భయం దాదాపు లేకపోవడం. దానికి చెల్లించే ధర నరాలు. ఎస్2, ఎస్3, ఎస్4 నరాలే మూత్రాశయానికి, మలద్వారపు కండరాలకు, జననాంగాల స్పర్శకు వెళ్లేవి. అవి కుడి ఎడమల జంటలుగా ఉంటాయి. ఒక వైపు నరాలు పోయినా రెండో వైపువి పూర్తిగా బాగుంటే చాలామందికి మూత్రం, మలం మీద అదుపు చాలావరకు నిలుస్తుంది. మొదట కొన్ని వారాలు, నెలలు ఇబ్బంది ఉండవచ్చు, ఎడమవైపు స్పర్శ తగ్గవచ్చు. రెండు వైపులా ఎస్2 పోతేనే అదుపు పోయే ప్రమాదం బాగా ఎక్కువ. ఆయన చెప్పింది ఒక్క ఎడమవైపు గురించే అయితే, మూత్రపు గొట్టం జీవితాంతం ఉంటుందేమోనని మీరు ఊహించుకున్నంత చీకటి లేదు. ఆ మాట ఆయన నోటి నుంచే వినాలి. "కుడివైపు నరాలను ముట్టుకోవలసి వస్తుందా?" అని ఒక్క ప్రశ్న అడగండి. ఎముక ఎక్కువ భాగం తీస్తే నడుమును తుంటి ఎముకలతో రాడ్లతో బిగించాలి. ఆ గాయం ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే అవకాశం మామూలు ఆపరేషన్ కంటే ఎక్కువ. స్కూలు పని నెలల తరబడి మానుకోవలసి వస్తుందని లెక్క వేసుకోండి.

రెండో దారిలో గడ్డ పొర తెరిచి లోపలిది తొలిచి బయటకు తీస్తారు. ష్వానోమాకు ఒక మంచి గుణం ఉంది. చాలాసార్లు అది నరంలోని ఒక పోగులో పుట్టి, మిగతా పోగులను పక్కకు నెట్టి పెరుగుతుంది. జాగ్రత్తగా ఒలిస్తే మిగతా పోగులు దక్కుతాయి. ఇంకొక సంగతి చాలామంది రోగులకు ఎవరూ చెప్పరు. గడ్డ పుట్టిన నరం ఎన్నో ఏళ్ల నుంచి పనిచేయడం తగ్గించి ఉంటుంది, దాని పనిని పక్క నరాలు మెల్లగా అందుకుని ఉంటాయి. అలాంటి నరాన్ని కోసినా కొత్తగా పోయేది కొంచెమే కావచ్చు. ఆపరేషన్ జరుగుతుండగానే ఆ నరానికి సన్నటి కరెంటు తగిలించి, మలద్వారపు కండరం, కాలి కండరం స్పందిస్తున్నాయా అని తెర మీద చూసే ఏర్పాటు ఉంది. స్పందన లేని నరాన్ని వదులుకోవచ్చు, స్పందించే నరాన్ని కాపాడుకోవచ్చు. ఈ ఏర్పాటు మీ ఆపరేషన్‌లో ఉంటుందా అని ఇద్దరు సర్జన్లనూ అడగండి. నా దృష్టిలో ఇది ఏ ఆసుపత్రి ఎంత పెద్దదన్న దానికంటే ముఖ్యం. ఇక నష్టం వైపు చూస్తే, ఎముక సందుల్లో, పెద్ద రక్తనాళాల పక్కన కొంత గడ్డ మిగిలిపోవచ్చు. మిగిలింది కొందరిలో అలాగే ఉండిపోతుంది, కొందరిలో ఏళ్ల తర్వాత పెరుగుతుంది. అందుకని ఏళ్ల తరబడి స్కాన్లు తప్పవు, మళ్లీ ఒక ఆపరేషన్ రావచ్చు. రెండోసారి ఆపరేషన్ మచ్చ కట్టిన చోట జరుగుతుంది కాబట్టి నరాలకు ప్రమాదం కొంత ఎక్కువ. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

రేడియేషన్‌తో మాడ్చేయవచ్చు కదా అని మీ అన్నయ్య అమెరికా నుంచి అడిగారని రాశారు. ఆపరేషన్‌కు ఒళ్లు సహకరించనివాళ్లకు, తీయలేని చోట మిగిలిపోయి పెరుగుతున్నవాళ్లకు గురిపెట్టి ఇచ్చే రేడియేషన్ పనికొస్తుంది. 39 ఏళ్ల మనిషికి, ప్రమాదం లేని గడ్డకు, మొదటి వైద్యంగా నేను దాన్ని ఎంచుకోను. తర్వాతెప్పుడో ఆ చోట కొత్త క్యాన్సర్ పుట్టే అవకాశం చిన్నదే అయినా ఉంది. ఈ గడ్డను కరిగించే మాత్ర లేదు.

ఏ దారి ఎంచుకున్నా ఆపరేషన్‌కు ముందు మూత్రం పోసిన తర్వాత సంచిలో ఎంత మిగులుతుందో అల్ట్రాసౌండ్‌లో కొలిపించుకోండి. చిన్న పరీక్షే. ఇప్పుడు మీ మూత్రాశయం ఎలా ఉందో కాగితం మీద ఉంటేనే తర్వాత ఏది ఆపరేషన్ వల్ల వచ్చింది, ఏది ముందే ఉందో తెలుస్తుంది.

ఇక మీ వారి సంగతి. "వేళ్లతో సహా తీయించేద్దాం" అనే మాటలో ఆయన ప్రేమ ఉంది, భయం ఉంది, తెలియకపోవడం కూడా ఉంది. ఆ వేళ్లలో మీ నరాలు ఉన్నాయని ఆయనకు తెలియదు. తెలియని మనిషి ఇచ్చే సలహాను మీరు మోస్తున్నారు. ఆయన్ను ఒప్పించలేక మీరు మొదటి ఆపరేషన్‌కే తలవంచారనుకోండి. రేపు ఏదైనా నష్టం జరిగితే ఆయన "నాకెందుకు చెప్పలేదు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న మీ ఇద్దరి మధ్య ఏళ్ల తరబడి నిలబడుతుంది. చెప్పకుండా మీరే రెండో దారి ఎంచుకుంటే, గడ్డ కొంత మిగిలిందని తెలిసిన రోజు ఆయన మీ మీద, డాక్టరు మీద కోప్పడతారు. చెప్పకపోవడమూ ఒక దారే, కాదనను. దాని ఖర్చు ఇది.

చెప్పడానికి కూడా ఒకే పద్ధతి లేదు. మీ నోటితో చెప్పడం కష్టమైతే సర్జన్‌కు ముందే ఫోను చేసి, "ఈసారి మా వారు కూర్చుని ఉండగా ఆ మూడు విషయాలూ, అంటే మూత్రం, మలం, దాంపత్యం, మళ్లీ చెప్పండి" అని కోరండి. డాక్టర్లకు అది మామూలు మాట. దీనిలో తేలిక ఏమిటంటే, సిగ్గు పడే పని మీమీద ఉండదు. ఇబ్బంది ఏమిటంటే, ఆయన మొదటిసారి వినేది కొత్త మనుషుల ముందు. అక్కడ ఆయన తప్పకుండా మౌనంగానే ఉంటారు, మీరు భయపడిన మౌనం అదేనేమోనని మీకు అనిపిస్తుంది. అలా కాకుండా పిల్లలు ట్యూషన్‌కు వెళ్లిన సాయంత్రం ముందు ఇంట్లో చెప్పి, తర్వాత ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరకు వెళ్లడం ఇంకో పద్ధతి. నేనైతే దీనివైపే మొగ్గుతాను, ఎందుకంటే ఆయనకు ప్రశ్నలు పేర్చుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే మీరు నాకు రాసిన చివరి పేజీనే ఆయన చేతికి ఇవ్వండి. అంత సూటిగా, అంత మర్యాదగా రాశారు.

ఆయన ఏమీ అనకపోతే? మొదటి రోజు ఏమీ అనకపోవడాన్ని తిరస్కారంగా చదవవద్దు. మన ఇళ్లలో మగవాళ్లకు ఈ విషయాల గురించి మాట్లాడటం ఎవరూ నేర్పలేదు, వాళ్ల దగ్గర మాటలే ఉండవు. రెండు మూడు రోజులు గడిచాక మీరే మళ్లీ ఎత్తండి. ఆయనకు చెప్పదగిన నిజాలు కొన్ని ఉన్నాయి. ఒకవైపు నరం పోతే స్పర్శ తగ్గేది ఎక్కువగా ఆ వైపే. కోరిక, ఆప్యాయత ఆ నరాల్లో ఉండవు. మూత్రం పూర్తిగా రాని పరిస్థితి వచ్చినా, సన్నటి గొట్టంతో రోజుకు నాలుగైదుసార్లు తమంతట తాము తీసుకోవడం నేర్చుకుని ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు మన నగరంలోనే ఉన్నారు. ఇవన్నీ చెప్పాక కూడా ఆయన మీవైపు చూడకపోతే, ఆ దుఃఖం వేరే. దానికి మీ తల్లిని కాదు, ఒక కౌన్సెలర్‌ను ఆసరా తీసుకోండి. ఆ భయంతో మాత్రం ఆపరేషన్ ఏదో నిర్ణయించుకోవద్దు.

ఒక చట్టపు సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది. స్పృహలో ఉండి, తనకు తాను ఆలోచించుకోగల వయోజనురాలి తరఫున ఆపరేషన్‌కు మరెవరూ అంగీకారం ఇవ్వలేరని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఫారం మీద భర్త సంతకం ఎంత పెద్దదైనా, చెల్లేది మీ సంతకమే. ఏ నరం తీస్తారో, లోపల అనుకోనిది కనిపిస్తే ఎక్కడ ఆగాలో ఆ ఫారంలో తెలుగులో రాయించుకుని, చదివి, ఆపైన సంతకం పెట్టండి.

మీ చెల్లెలి పెళ్లి విషయంలో మీ అమ్మగారి భయానికి ఆధారం చాలా తక్కువ. ఒంటరిగా ఒకేచోట వచ్చిన ష్వానోమా సాధారణంగా వంశపారంపర్యం కాదు. ఎన్ఎఫ్2 అనే జన్యువు గడ్డలోని కణాల్లో దెబ్బతిని ఉంటుంది, ఒంట్లోని మిగతా కణాల్లో బాగానే ఉంటుంది. కాబట్టి అది మీ పిల్లలకు గానీ, చెల్లెలికి గానీ వచ్చేది కాదు. నరాల గడ్డల జబ్బుల్లో కుటుంబంలో నడిచే రకాలు ఉన్నాయి, వాటికి గుర్తులు కూడా ఉన్నాయి. ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు ఆరు, అంతకు మించి ఉండటం, చర్మం మీద మెత్తటి బుడిపెలు, చిన్న వయసులోనే రెండు చెవులూ వినపడకపోవడం, ఒకటికి మించి నరం గడ్డలు. ఇవేవీ మీ ఇంట్లో ఎవరికీ లేకపోతే జన్యు పరీక్ష అవసరం చాలా తక్కువ. అనుమానం ఉంటే నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది, అక్కడ అడగండి. పెళ్లివాళ్లకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటివాళ్ల ఇష్టం. చెప్పకపోతే మోసం చేసినట్లు కాదు, ఎందుకంటే చెల్లెలికి సంబంధించిన జబ్బేమీ ఇందులో లేదు. మాఘమాసం కోసం మీ ఆపరేషన్‌ను ముందుకు, వెనక్కు జరపడం మాత్రం మీ మడమ ఒప్పుకుంటేనే. తిమ్మిరి పైకి పాకుతుంటే పెళ్లి కోసం ఆగకండి, పీటల దగ్గర మీ ఖాళీకి ఏదో ఒక కారణం వాళ్లే చెప్పుకుంటారు.

అత్తగారికి ఎదురు చెప్పనక్కరలేదు. ఆవిడతో పాటు ఊరు వెళ్లి దండం పెట్టుకుని రావచ్చు. పసరు మాత్రం లోపలికి పుచ్చుకోవద్దు, గడ్డ మీద కాల్పించుకోవద్దు, పట్టీ వేసి నొక్కించుకోవద్దు. మీరు వాడే నరాల నొప్పి మాత్ర ప్రెగాబాలిన్ మగత తెస్తుంది, దానికి ఏ పసరు ఏమి తోడవుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ మాత్రను కూడా మీ అంతట మీరు ఒక్కసారిగా మానకండి, డాక్టరు చెప్పినట్లు కొంచెం కొంచెంగా తగ్గించాలి.

డబ్బు గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, అందులోనే ఎంతో ఆందోళన కనిపించింది. అప్పు చేసే ముందు ఆరోగ్యశ్రీ అడగండి. తెలంగాణలో ఈ పథకం పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఆహార భద్రత కార్డు పట్టుకుని, మీరు ఎంచుకున్న ఆసుపత్రిలో ఈ పథకం సహాయకులు ఆరోగ్యమిత్ర కూర్చునే బల్ల దగ్గరకు వెళ్లి, సర్జన్ రాసిన ఆపరేషన్ పేరు చూపించి అది వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. నరాలను కరెంటుతో పరీక్షించే ఏర్పాటుకు, రాడ్లకు విడిగా కట్టాలా అన్నది కూడా అక్కడే అడగండి, చివర్లో చాలామందికి బిల్లు పెరిగేది వాటి దగ్గరే. మీ వారి దుకాణం తరఫున బీమా ఉంటే ముందస్తు అనుమతికి ముక్క పరీక్ష రిపోర్టు, రెండో రీడింగ్, సీటీ మూడూ దగ్గర ఉంచుకోండి. అందుకని ఈ వారం ల్యాబ్‌కు వెళ్లినప్పుడు స్లైడ్లతో పాటు రిపోర్టు అసలు ప్రతి, బ్లాకు నంబరు కూడా రాయించుకుని తెచ్చుకోండి.